ఒళ్లంతా నొప్పులకు వాడే మందు ప్రీగాబలిన్ నుంచి డులోక్సెటిన్‌కు మారినవారు ఉన్నారా?

నాకు 44 ఏళ్లు, బడిలో లెక్కలు చెబుతాను. రెండేళ్లుగా మెడ, భుజాలు, నడుము, ఒకటేమిటి, ఒళ్లంతా నొప్పే. రక్తపరీక్షలు, ఎక్స్‌రేలు అన్నీ బాగానే ఉన్నాయి. అందుకే మా ఇంట్లో దీన్ని జబ్బుగా ఎవరూ ఒప్పుకోరు! కీళ్ల వైద్యుడు మాత్రం ఫైబ్రోమయాల్జియా (ఒళ్లంతా చాలాకాలం నొప్పి ఉండే జబ్బు) అని తేల్చారు.

మొదట రాత్రిపూట అమిట్రిప్టిలిన్ 10 మి.గ్రా. ఇచ్చారు. నిద్ర పట్టింది కానీ నోరు పిడచగట్టుకుపోయి పాఠం చెప్పలేకపోయాను. తర్వాత ప్రీగాబలిన్ 75 మి.గ్రా. నొప్పి కొంత తగ్గిన మాట నిజమే. అయితే పొద్దున తల తిరుగుతోంది, పాదాలు వాస్తున్నాయి, ఆరు నెలల్లో ఐదు కిలోలు పెరిగాను. బోర్డు మీద కూడికలో నేనే తప్పు చేసి పిల్లల చేత దిద్దించుకున్నాను.

ఇప్పుడు డులోక్సెటిన్ 30 మి.గ్రా.తో మొదలుపెడదామంటున్నారు. ప్రీగాబలిన్‌ను ఒక్కసారిగా ఆపకూడదని, మెల్లగా తగ్గించాలని చెప్పారు. ఇలా మారినవారిని అడుగుతున్నాను: మొదట్లో వచ్చే వికారం ఎన్నాళ్లకు తగ్గింది? నొప్పిలో తేడా ఎన్ని వారాలకు తెలిసింది? మామూలు నొప్పి మాత్రలు నాకు ఏమాత్రం పనిచేయలేదు, వాటి పేర్లు దయచేసి చెప్పకండి. రోజూ నడకతో మందు మోతాదు తగ్గించుకోగలిగినవారు ఉంటే, నొప్పిగా ఉన్న రోజున ఎంతసేపు నడిచేవారో కూడా రాయండి. వచ్చే మంగళవారం మళ్లీ వైద్యుణ్ని కలవాలి.