అప్‌డేట్: చందా పెరగకుండానే అమ్మ గదిలోని రెండో టీవీకి ఛానళ్లు వచ్చాయి

కడపలోని మా ఇంట్లో హాలు టీవీకి కడుతున్న డీటీహెచ్ చందా పెంచకుండా, అమ్మ గదిలోని రెండో టీవీకి ఛానళ్లు ఎలా తెప్పించాలని ఇక్కడ అడిగాను. సమస్య తీరింది. సలహాలిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

ఫలించింది దూరదర్శన్ వారి ఉచిత డీటీహెచ్ సేవ అయిన డీడీ ఫ్రీ డిష్ పెట్టుకోమన్న సలహా. దీనికి నెలవారీ చందా లేదు. టీవీలోనే ఉపగ్రహ ట్యూనర్ ఉందేమో చూడమని ఒకరు చెప్పగా, వెనుక మరలున్న ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు ఉండి సిగ్నల్ అందుకునే పరికరం) సాకెట్ కనిపించింది. దాంతో సెట్‌టాప్ బాక్స్ కొనే పని తప్పి, చిన్న డిష్, దాని నుంచి టీవీకి సిగ్నల్ తెచ్చే ఆర్‌జీ-6 కేబుల్‌తో సరిపోయింది.

అయినా మొదట సిగ్నల్ రాలేదు. మెకానిక్ కనెక్టర్ విప్పి చూస్తే, కేబుల్ లోపలి లోహపు అల్లికలోని వెంట్రుకంత తీగ ఒకటి మధ్యలోని రాగి తీగకు తగిలి షార్ట్ అవుతోంది. ఆయన కొత్త కనెక్టర్ బిగించి, టీవీ మెనూలో ఎల్‌ఎన్‌బీ పవర్ ఆన్ చేసి, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశంపై ఉన్న జీశాట్-15 ఉపగ్రహానికి ఎదురుగా డిష్‌ను ఆగ్నేయానికి సరిచేయగానే డీడీ సప్తగిరి స్పష్టంగా వచ్చింది.

పక్కింటి నీళ్ల ట్యాంకు అడ్డొస్తుందన్న అనుమానం నిలవలేదు, ఉపగ్రహం అంతకంటే చాలా ఎత్తులో ఉంటుంది. సిగ్నల్ బూస్టర్ అవసరం పడలేదు. హాలు సెట్‌టాప్ బాక్స్ చిత్రాన్ని రెండు టీవీలకు పంచే హెచ్‌డీఎంఐ స్ప్లిటర్ పెడితే రెండు గదుల్లోనూ ఒకే ఛానల్ వస్తుంది కనుక దాన్ని వదిలేశాం. హాలు డిష్ వేరే ఉపగ్రహం వైపు ఉన్నందున దాని నుంచి కేబుల్ లాగడమూ కుదరలేదు.

ఒక్క సంగతి గమనించండి: ఇందులో పే ఛానళ్లు (డబ్బు కట్టి చూసేవి) రావు, అవి తప్పనిసరైన వారు తమ ఆపరేటర్ వద్ద రెండో కనెక్షన్ ధర అడగడమే మేలు. అమ్మకు వార్తలు, భక్తి కార్యక్రమాలు చాలు కాబట్టి మాకు ఇది సరిపోయింది.