క్షౌరవృత్తిలో ఉన్నవారికి నెలకు నిజంగా ఎంత మిగులుతుంది?

ప్రశ్న (ఖమ్మం జిల్లా నుంచి)

మా నాన్నగారు ఊళ్లో ముప్పై అయిదేళ్లు కత్తి పట్టారు. ఆయన సంపాదన ఎంతో మా ఇంట్లో ఎవరికీ అంకెల్లో తెలియదు, ఎందుకంటే అందులో ఎక్కువ భాగం పంట ఇంటికొచ్చాక రైతులు కొలిచి ఇచ్చే మేర గింజల రూపంలోనే వచ్చేది. నేను చదువుకుని హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాను. డిగ్రీ పూర్తి చేసిన మా తమ్ముడు మాత్రం ఖమ్మంలో మూడు కుర్చీల సెలూన్ పెడతానంటున్నాడు. నాన్నగారు ససేమిరా వద్దంటున్నారు, ఇద్దరి మధ్య నేను నలుగుతున్నాను.

తమ్ముడు ఒక ఆదివారం ఉదయం ఖమ్మంలోని ఒక మూడు కుర్చీల సెలూన్‌లో రెండు గంటలు కూర్చుని లెక్కపెడితే పదమూడు మంది వచ్చారట. పన్నెండు గంటలకు డెబ్బై ఎనిమిది మంది, మనిషికి సగటున 130 రూపాయలు, నెలకు 26 రోజులు అని గుణించి, రెండు లక్షల అరవై వేల పైచిలుకు వస్తుందని కాగితం మీద రాసి నాన్నగారి ముందు పెట్టాడు. నాన్నగారు ఆ కాగితాన్ని చదవకుండానే మడిచి పక్కన పెట్టారు. ఈ వృత్తిలో ఉన్న పెద్దలు, అన్నలు తమ అసలు లెక్క చెబితే మా ఇంట్లో నిర్ణయానికి దారి దొరుకుతుంది.

జవాబు (తెనాలి నుంచి, సెలూన్ యజమాని)

నాకు కూడా మూడు కుర్చీలే ఉన్నాయి. ఇరవై రెండేళ్లుగా షాపు నడుపుతున్నాను కాబట్టి నా పుస్తకంలో ఉన్నదే చెబుతాను. మీ తమ్ముడు లెక్కపెట్టినది తప్పు కాదు, కానీ ఆయన వారంలో అన్నిటికంటే మంచి రోజున, ఆ రోజులో అన్నిటికంటే రద్దీ గంటలను ఎంచుకున్నారు.

మా దగ్గర కటింగ్ 120, గడ్డం 60. ఆదివారం మూడు కుర్చీల మీద కలిపి 9,000 వరకు వస్తుంది. మంగళవారం షాపు మూతే, ఎందుకంటే ఆ రోజు తల ముట్టించుకునేవారు ఉండరు. మిగిలిన రోజుల్లో శనివారం, అమావాస్య అని పట్టింపు ఉన్నవారిని తీసేస్తే సగటున రోజుకు 2,800 దాటదు. అంటే నాలుగు ఆదివారాలకు 36,000, తక్కిన ఇరవై రెండు రోజులకు 61,600, మొత్తం 97,600 రూపాయలు గల్లాలో పడతాయి. బయటివారికి కనిపించేది ఈ అంకెలే.

ఇందులో నా కుర్చీ మీద వచ్చేది సుమారు 39,000, ఎందుకంటే పాత ఖాతాదారులు నా చెయ్యే కావాలని కూర్చుంటారు. మిగిలిన రెండు కుర్చీల మీద వచ్చే 58,600లో సగం పనివాళ్లది. అంటే 29,300 వాళ్లిద్దరికీ పోతుంది, ఒక్కొక్కరికి దాదాపు 14,650. తరువాత అద్దె 12,000, కరెంటు 2,500, సామాను 8,000, తువ్వాళ్ల ఉతుకుడికీ నీళ్లకూ 1,500, ట్రిమ్మర్ల మరమ్మతులకు మరో 1,500. సామానుకు 8,000 ఎక్కువ అనిపించవచ్చు కానీ, రంగు పొట్లాలు, క్రీములు, మెడకు చుట్టే టిష్యూ అన్నీ మనిషి మనిషికీ ఖర్చయ్యేవే. బ్లేడు విషయమే చూడండి. కాగితం పొట్లంతో సహా మధ్యకు విరిచి సగం ముక్కను కత్తిలో పెడతాము, ఆ ముక్క ఒక్క గడ్డానికే. నా చిన్నతనంలో మా మేనమామగారు ఒకే కత్తిని తోలుపట్టా మీద నూరి రోజంతా వాడేవారు. ఈనాడు కుర్చీలో కూర్చున్న మనిషి కొత్త బ్లేడు విరిగిన చప్పుడు వినకపోతే మెడ చాచడు. అది న్యాయమే.

ఇవన్నీ పోగా నాకు మిగిలేది 42,800. కుర్చీలు, అద్దాలు, ఏసీ కోసం తెచ్చిన అప్పుకు నెలకు 6,000 కడుతున్నాను కాబట్టి ఇంటికి వెళ్లేది 36,800. ఉదయం ఆరున్నరకు షట్టర్ తీసి, రాత్రి తొమ్మిదికి దించుతాను. ఇది మంచి నెల లెక్క. కార్తీక మాసంలో అయ్యప్ప మాలలు మొదలైతే 41 రోజుల పాటు ఆ స్వాములు గడ్డం కూడా గీయించుకోరు. మా వీధిలో ఏటా ముప్పై నలభై మంది వేసుకుంటారు. సంక్రాంతి తరువాత అందరూ ఒక్కసారిగా వస్తారు కానీ, ఆ మధ్య కాలంలో అద్దె ఆగదు కదా.

2020 మార్చి చివరలో లాక్‌డౌన్‌తో షాపు మూతపడినప్పుడు ఒక్క పైసా రాబడి లేకుండా పనివాళ్ల ఇళ్లకు బియ్యం పంపించాను. ఆ ఏడాది జూన్‌లో మా ప్రభుత్వం మొదలుపెట్టిన చేదోడు పథకం కింద 10,000 రూపాయలు ఖాతాలో పడితే ఆగిపోయిన అద్దెకు కట్టాను. అందుకే ఈ వృత్తిలోకి వచ్చేవారు కనీసం మూడు నెలల అద్దె చేతిలో ఉంచుకోవాలని అడిగిన ప్రతివారికీ చెబుతూ ఉంటాను.

జవాబు (హైదరాబాద్ నుంచి, పనివాడు)

పైన తెనాలి అన్నగారు చెప్పిన 14,650 దగ్గరే నా జీవితం మొదలైంది. మీ తమ్ముడు సొంత షాపు గురించి ఆలోచిస్తున్నారు కానీ, ఈ వృత్తిలో ఉన్నవారిలో నా వంటి కుర్చీ పనివాళ్లు చాలామంది ఉన్నారని మరిచిపోకూడదు.

సగం వాటా పద్ధతిలో మనిషి రాకపోతే మనకూ రూపాయి రాదు. జ్వరం వచ్చి నాలుగు రోజులు పడుకుంటే ఆ నాలుగు రోజులూ సున్నాయే, పీఎఫ్ అనే మాట లేదు. అది భరించలేక నేను ఒక పెద్ద సెలూన్‌లో 18,000 జీతానికి చేరాను. జీతానికి నాలుగింతలు, అంటే నెలకు 72,000 బిల్లు దాటిస్తే, ఆ పైదాని మీద నూటికి పది ఇస్తామన్నారు. ఒక నెల 90,000 దాకా చేశాను, 1,800 రావాలి. డిస్కౌంటు కూపన్లతో వచ్చినవారి బిల్లులు లెక్కలోకి రావని అప్పుడు చెప్పారు, చేతికి 600 వచ్చాయి. ముందే అడిగి కాగితం మీద రాయించుకోకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

ఇంకో మాట. టిప్పు మీద మాకు చాలా ఆశ ఉంటుంది. ఇదివరకు చేతిలో పది, ఇరవై పెట్టి వెళ్లే రోజుల్లో అది నేరుగా మాదే. ఇప్పుడు అందరూ ఫోన్‌తో స్కాన్ చేస్తున్నారు, ఆ డబ్బు యజమాని ఖాతాలోకి వెళుతుంది, రాత్రి లెక్క చూసేటప్పుడు ఫలానా ఆయన ఇరవై ఎక్కువ వేశారని మనమే గుర్తుచేసి అడగాలి. అడగడానికి నోరు రాని కుర్రవాళ్లను చూశాను. మీ తమ్ముడు షాపు పెడితే కుర్చీకొక స్కానర్ పెట్టమనండి, మంచి పనివాళ్లు నిలబడతారు.

జవాబు (వరంగల్ నుంచి)

నాకు అరవై నాలుగేళ్లు. మీ నాన్నగారు కాగితం ఎందుకు మడిచారో నాకు అర్థమయింది. మేర గింజల కాలంలో కరువు వస్తే రైతు కల్లంలోనే గింజ ఉండేది కాదు, మనకెవరు కొలుస్తారు? పెళ్లిళ్ల సన్నాయి, డోలు లేకపోతే మా ఇల్లు గడిచేది కాదు. ఆషాఢం, మూఢాల్లో ఆ రాబడీ ఉండేది కాదు. ఆ భయం ఆయన ఒంట్లో ఉంది, దానిని తక్కువగా చూడవద్దు.

అయితే మీ తమ్ముడి పక్షాన కూడా చెప్పవలసినవి ఉన్నాయి. తెలంగాణలో 2021 ఏప్రిల్ నుంచి మన సెలూన్లకు నెలకు 250 యూనిట్ల వరకు ఉచిత కరెంటు ఉంది కాబట్టి, తెనాలి వారు రాసిన కరెంటు ఖర్చులో చాలా భాగం ఖమ్మంలో తగ్గుతుంది. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ అనే కేంద్ర పథకంలో మన వృత్తి కూడా ఉంది. పనిముట్లకు 15,000, అయిదు శాతం వడ్డీకి మొదట లక్ష, అది తీర్చాక రెండు లక్షలు ఇస్తారు. బయట నెలకు నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి తెచ్చి అద్దాలు బిగించి మునిగినవారు మా బంధువుల్లోనే ఉన్నారు.

నెల జీతం వంటిది కావాలంటే దేవాలయాల కల్యాణకట్టలు ఉన్నాయి. మా వియ్యంకుడుగారు ఆంధ్రలో ఆ పనే చేస్తారు. అక్కడి ప్రభుత్వం ఆలయాల్లో పనిచేసే నాయీ బ్రాహ్మణుల కనీస వేతనాన్ని 25,000కు పెంచుతున్నట్లు 2024 ఆగస్టులో ప్రకటించింది. భక్తుల తలనీలాలను వేలం వేసి దేవస్థానాలు పొందే సొమ్ముతో పోలిస్తే ఇది ఎక్కువేమీ కాదని నా అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారు

అందరికీ నమస్కారాలు. తెనాలి అన్నగారి లెక్కను నాన్నగారికి చదివి వినిపించాను. సగం బ్లేడు దగ్గర ఆపి మళ్లీ చదవమన్నారు. తమ్ముడు ముందుగా ఒక ఏడాది వాటా మీద పనిచేసి, తరువాత రెండు కుర్చీలతో మొదలుపెట్టడానికి ఒప్పుకున్నాడు.

జవాబు (తెనాలి నుంచి)

సంతోషం. వీలైతే తమ్ముడిని కార్తీక మాసంలో, ఆదివారం కాకుండా ఒక గురువారం మా షాపుకు పంపండి. ఉదయం నుంచి రాత్రి వరకు గల్లా పక్కన కూర్చోబెట్టుకుంటాను, భోజనం మా ఇంట్లోనే. పుస్తకం కూడా చూపిస్తాను.