పెద్దవారితో అండమాన్ యాత్ర: రాయలసీమ నుంచి వెళ్లి వచ్చినవారి సూచనలు కావాలి

కడప వాసి (ప్రశ్న):

నమస్కారం. సంక్రాంతి సెలవులు ముగిశాక, డెబ్బైకి దగ్గరపడిన అమ్మానాన్నలతోను, బడికి వెళ్లే ఇద్దరు పిల్లలతోను అండమాన్ వెళ్లాలని అనుకుంటున్నాము. మా ఇంట్లో ఎవరికీ ఈత రాదు, అమ్మ శాకాహారి. ట్రావెల్ ఏజెంటు ఇచ్చిన పట్టికలో అయిదు రోజులకే పోర్ట్ బ్లెయిర్, హేవ్‌లాక్, నీల్, బారాటాంగ్ అన్నీ ఇరికించి ఉన్నాయి. వీటిలో దేనిని వదులుకోవచ్చో తెలిసినవారు చెప్పగలరా?

అనంతపురం వాసి:

అక్కడి టికెట్లపైన, బోర్డులపైన కొత్త పేర్లు కనిపిస్తాయి కనుక కంగారు పడకండి. పోర్ట్ బ్లెయిర్ 2024లో శ్రీ విజయపురం అయింది. హేవ్‌లాక్, నీల్ 2018లోనే స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ అయ్యాయి.

ఇటువంటి పట్టికలు వేసేవారు సాధారణంగా మరచిపోయేది పొద్దును. ఆ ద్వీపాలు కడపకు దాదాపు 14 డిగ్రీలు తూర్పున ఉన్నా గడియారం మాత్రం మనదే కాబట్టి, అక్కడ సూర్యుడు మనకంటే సుమారు గంట ముందే ఉదయించి, జనవరిలో సాయంత్రం అయిదున్నర లోపే అస్తమిస్తాడు. మధ్యాహ్నం భోంచేసి, ఒక కునుకు తీసి, తీరిగ్గా హేవ్‌లాక్‌లోని రాధానగర్ తీరానికి బయలుదేరితే మిగిలేది చీకటే. తెల్లవారుజామునే లేచే మీ అమ్మానాన్నలకు ఆ వేళలు పిల్లలకంటే బాగా సరిపోతాయని నా నమ్మకం.

చేరిన రోజు సెల్యులార్ జైలు చూసి, మరునాడు ఉదయపు ఫెర్రీలో హేవ్‌లాక్‌కు వెళ్లి రెండు రాత్రులు, నీల్‌లో ఒక రాత్రి ఉండండి. సముద్రం అల్లకల్లోలంగా ఉంటే ఫెర్రీలు రద్దవుతాయి కాబట్టి, తిరుగు విమానానికి ఒక రోజు ముందే పోర్ట్ బ్లెయిర్ చేరుకోవడం తప్పనిసరి. ప్రైవేటు ఫెర్రీ హేవ్‌లాక్‌కు గంటన్నర నుంచి రెండు గంటల్లో చేరుస్తుంది. ప్రభుత్వ ఫెర్రీకి ఇంకొంత సమయం పట్టినా ఖర్చు చాలా తక్కువ. వాంతులు కాకుండా వేసుకోవలసిన మాత్రలను మీ డాక్టరును అడిగి ముందే తీసుకోండి.

ఈత రాకపోయినా నీల్‌లోని భరత్‌పూర్ తీరం వద్ద అడుగున అద్దం ఉన్న పడవలో కూర్చుని పగడాలను చూడవచ్చు. అక్కడి సహజ శిలాతోరణం దగ్గరకు మాత్రం ఆటు సమయంలోనే వెళ్లగలరు, దారి పొడవునా పాచి పట్టిన రాళ్లు ఉంటాయి. నాన్నగారిని ఒడ్డునే ఉంచడం మేలు.

కర్నూలు వాసి:

పై సూచనలతో ఏకీభవిస్తూ, బారాటాంగ్‌ను పూర్తిగా తీసివేయమని చెబుతాను. దాదాపు వంద కిలోమీటర్ల దారికి తెల్లవారకముందే బయలుదేరి, జిర్కాటాంగ్ వద్ద వాహనాల వరుసలో నిలబడి, జారవా అనే ఆదిమ తెగకు కేటాయించిన అడవి గుండా పోయి, ఆపైన పడవ ఎక్కి, సున్నపురాయి గుహలకు నడవాలి. ఆ అడవిలో వాహనం ఆపడం, ఫోటోలు తీయడం, జారవాలకు తినుబండారాలు ఇవ్వడం నిషిద్ధం. ఒక తెగ ఇంటి ముంగిట గుండా విహారయాత్ర చేయడం, నిబంధనలు పాటించినా, నాకు రుచించదు.

ప్రయాణానికి మేము కర్నూలువారం శంషాబాద్ నుంచి, అనంతపురంవారు బెంగళూరు దగ్గరి దేవనహళ్లి నుంచి విమానం ఎక్కడం సులువు. రెండూ మన 44వ జాతీయ రహదారి పక్కనే ఉన్నాయి. మీకు మాత్రం రైలులో చెన్నై చేరడమే నయం. విశాఖ నుంచి ఓడలు ఉన్నా, రెండు రోజులకు పైగా సాగే ఆ ప్రయాణం పెద్దవారికి వద్దు.

భోజనం గురించి దిగులు అక్కరలేదు. శ్రీకాకుళం వైపు నుంచి వలస వెళ్లి స్థిరపడినవారు అక్కడ ఎందరో ఉన్నారు. 2011 జనాభా లెక్కల్లో అక్కడ తెలుగు మాట్లాడేవారు నూటికి సుమారు 13 మంది. పోర్ట్ బ్లెయిర్‌లో ఇడ్లీ, సాంబారన్నం సులభంగా దొరుకుతాయి. చిన్న ద్వీపాల్లో చేపల వంటకాలే ఎక్కువ కాబట్టి బస చేసేచోట ముందే చెప్పండి.

కడప వాసి:

ఇద్దరికీ కృతజ్ఞతలు, బారాటాంగ్ తీసివేయిస్తున్నాను. పిల్లలు తీరంలో ఏరిన గవ్వలు ఇంటికి తెచ్చుకోవచ్చా?

అనంతపురం వాసి:

వద్దండి. పగడపు ముక్కలకు, అనేక రకాల శంఖాలకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. విమానాశ్రయంలో సామాను తనిఖీలో దొరికితే ఇబ్బంది పడతారు. ఏరినవి అక్కడే వదిలి రమ్మని పిల్లలకు బయలుదేరే ముందే చెప్పి ఒప్పించండి.