తెల్లరక్తకణం పొర కప్పుకున్న మందు: కీళ్లవాతానికి ఇక్కడ దొరుకుతుందా?

ప్రశ్న (ఉప్పల్ నుంచి):
మా అమ్మకు ఎనిమిదేళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్. పొద్దున్నే ఓ గంటసేపు పిడికిలి ముడవలేదు, కాఫీ గ్లాసు రెండు అరచేతుల మధ్య పెట్టుకుని తాగుతుంది. వారానికోసారి మెథోట్రెక్సేట్ వేసుకుంటే మర్నాడంతా వికారం. కీళ్లకు కావాల్సిన మందు ఒళ్లంతా ఎందుకు తిరగాలి? తెల్లకణాల్లా వాపు ఉన్న చోటికే వెళ్లే నానోకణాలు (కంటికి కనిపించనంత చిన్న కణాలు) ఉన్నాయని చదివాను, హైదరాబాద్‌లో ఎవరైనా ఇస్తున్నారా?

జవాబు 1 (తార్నాక, పీహెచ్‌డీ చేస్తున్నాను):
పరిశోధన నిజమేనండి, మందుగా మాత్రం ఇంకా రాలేదు. మామూలు నానోకణాన్ని రక్తంలోకి ఎక్కిస్తే చాలావరకు కాలేయం, ప్లీహంలోని మాక్రోఫేజ్‌లే (బయటినుంచి వచ్చినవాటిని తినేసే రక్షణ కణాలు) పట్టుకుని మింగేస్తాయి. అందుకని తెల్లకణాన్ని పగలగొట్టి, లోపలి సరుకు తీసేసి, పై పొరను మాత్రం నానోకణానికి తొడుగుతారు, పూర్ణానికి పిండి పట్టించి బూరె చేసినట్టు. వాపు ఉన్నచోట రక్తనాళం లోపలి గోడ మీద ఐక్యామ్-1 అనే ప్రొటీన్ ఎక్కువగా బయటికొస్తుంది, తెల్లకణం పొర మీదుండే ఎల్‌ఎఫ్‌ఏ-1 అనే ప్రొటీన్ దాన్ని పట్టుకుంటుంది. 2013లో హ్యూస్టన్ వాళ్లు సిలికాన్ కణాలకు ఇలా పొర తొడిగారు. మీకు పనికొచ్చేది 2018లో శాన్‌డియాగోలో జరిగింది: న్యూట్రోఫిల్ (ఒక రకం తెల్లకణం) పొర తొడిగిన నానోకణాలు ఎలుకల కీళ్లలో వాపును తగ్గించాయి, మృదులాస్థి లోపలిదాకా వెళ్లాయి. నాకు బాగా నచ్చింది ఏంటంటే, అందులో మందే పెట్టలేదు! వాపు పెంచే సైటోకైన్లు అనే ప్రొటీన్లను ఆ పొరే స్పాంజిలా పీల్చుకుంది.

జవాబు 2 (జీనోమ్ వ్యాలీలో మందుల ఫార్ములేషన్ పని):
ఎలుకకు సరిపడా చేయడం వేరు, వేలమందికి చేయడం వేరు. న్యూట్రోఫిల్స్ శరీరం బయట ఎక్కువసేపు బతకవు, దాత మారితే పొర మీది ప్రొటీన్లూ మారతాయి, పోనీ వేడితో స్టెరిలైజ్ చేద్దామంటే ఆ ప్రొటీన్లే చెడిపోతాయి. ప్రతి బ్యాచ్ ఒకేలా ఉందని చూపించాలి కదా, మా తలనొప్పంతా అక్కడే. ఎవరైనా ఇప్పుడే ‘నానో ఇంజెక్షన్’ అంటూ డబ్బు అడిగితే దయచేసి కట్టకండి.

జవాబు 3 (మల్కాజ్‌గిరి, నాకూ ఇదే జబ్బు):
అమ్మగారికి ఫోలిక్ యాసిడ్ రాశారా? నాకు అది మొదలుపెట్టాక వికారం తగ్గింది. మెథోట్రెక్సేట్ మాత్ర పడకపోతే దాన్నే చర్మం కింద ఇంజెక్షన్‌గా కూడా ఇస్తారు, డాక్టర్‌ని అడగండి. మెథోట్రెక్సేట్ మాత్రం వారానికి ఒక్కసారే, పొరపాటున కూడా రోజూ వేసుకోకూడదు.

ప్రశ్న అడిగినవారు:
చీటీ తీసి చూశాను, ఫోలిక్ యాసిడ్ రాసే ఉంది, మేమే మూడు నెలలుగా కొనలేదు. ఇప్పుడే మెడికల్ షాపుకు వెళ్తున్నాను.