దీర్ఘకాలిక నొప్పి పాఠం: ఫిజియో విద్యార్థులకు ఎలా చెబుతున్నారు?

విజయనగరం_ఫిజియో: మూడో ఏడాది బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) పిల్లలకు ఈ పాఠం నడుస్తోంది. 1965లో మెల్జాక్, వాల్ చెప్పిన గేట్ కంట్రోల్ సిద్ధాంతం (మెదడుకు వెళ్లే నొప్పి సంకేతాలను వెన్నుపాములో ఒక గేటు లాంటిది ఆపుతుంది లేదా వదులుతుంది అనేది) అడిగితే గడగడా అప్పజెబుతారు. అదే ఓపీకి ఏళ్ల తరబడి నడుం నొప్పి ఉన్న మనిషి వస్తే, మొహం కూడా చూడకుండా ఎమ్మారై కవర్ అందుకుంటారు. ఈ అలవాటు ఎలా మాన్పించాలి?

పలాస_క్లినిక్: వాళ్లకు ఈ అంకె చెప్పండి సార్. ఏ నొప్పీ లేనివాళ్ల స్కాన్‌ల మీద 2015లో ఒక సమీక్ష వచ్చింది. 50 ఏళ్ల వాళ్లలో దాదాపు 80 శాతం మందికి వెన్నుపూసల మధ్య ఉండే డిస్క్ అరుగుదల కనిపించింది. మరి వాళ్లకు నొప్పెందుకు లేదో పిల్లల్నే చెప్పమనండి. అలాగని రిపోర్టు పక్కన పడేయమని కాదు. కాలిలో బలం తగ్గుతున్నా, మూత్రం మీద పట్టు తప్పినా అదే రోజు పెద్దాసుపత్రికి పంపాల్సిందే.

బొబ్బిలి_ఇంటర్న్: మా బ్యాచ్‌లో కొందరు ఈ పాఠం విన్నాక "నొప్పి మెదడులోనే ఉందమ్మా" అనడం మొదలెట్టారు. "అంటే నాకు పిచ్చేటి బాబూ?" అని ఒకావిడ లేచి వెళ్లిపోయింది. మరెలా చెప్పాలి?

టెక్కలి_మేడమ్: వెళ్లక ఏం చేస్తుంది! ముందు "మీ నొప్పి నిజమే" అనండి. దెబ్బ మానినా, నెలల తరబడి నొప్పి పడ్డ నరాలు చిన్న తాకిడికే గోల చేస్తాయని, నిద్ర లేకపోయినా, ఇంట్లో టెన్షన్ ఉన్నా అది ఇంకా పెరుగుతుందని చెప్పండి. అంతవరకు చాలు.

నేను క్లాసులో ఒకరిని పేషెంటుగా కూర్చోబెడతాను. రెండోవాళ్లు పది నిమిషాల పాటు నొప్పి ఎక్కడ అని అడగకూడదు. ఏం పని చేస్తారు, నిద్ర ఎలా ఉంది, ఏ పనులు మానేశారు, ఏమవుతుందని భయం, ఇవే అడగాలి. మాకు పలాస వైపు నుంచి పొద్దస్తమానం కూర్చుని జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్లు వస్తారు. బెడ్ రెస్ట్ అంటే కూలీ పోతుంది, నొప్పీ తగ్గదు. మధ్యమధ్యలో లేచి నాలుగడుగులు వెయ్యడం, ఓపిక ఉంది కదా అని ఒక్కరోజే పనంతా మీదేసుకోకపోవడం, నడక కొద్దికొద్దిగా పెంచడం పనికొస్తాయి.

మందుల షాపులో కొనే నొప్పి బిళ్లల సంగతి తప్పక అడిగించండి. కిడ్నీ జబ్బు ఇంతగా ఉన్న ఉద్దానంలో పెయిన్‌కిల్లర్లు ఇష్టమొచ్చినట్టు మింగడం ప్రమాదం.

పలాస_క్లినిక్: అంతా బాగానే ఉంది మేడమ్. "బాబూ, కరెంట్ ఎట్టవా?" అని నొప్పికి కరెంట్ మెషిన్ పెట్టించుకోవడానికి వచ్చేవాళ్లకో?

టెక్కలి_మేడమ్: పెట్టండి, కాసేపు హాయిగా ఉంటే మంచిదే. ఆ హాయి ఉండగానే లేపి నడిపించండి. మెషిన్ తగిలించి ఫోన్ చూసుకునే ఇంటర్న్‌లకే నేను మార్కులు కోస్తాను.