సమస్య: పందికొక్కు కడుపుపైన సంచి

నిర్వాహకులు: ఇది ఆటవెలది నాలుగో పాదం. మన పొలాల పందికొక్కు ఎలుక జాతిది, దానికి సంచి ఉండదు. పూరించండి.

రైతుబిడ్డ:
ధాన్యముంచు కొట్టు తలుపు సందున దూరి
పేర్చి యున్న మూట పీచు కొరికె
జారి దొర్లి పడియెఁ జప్పుడు చేయుచు
పందికొక్కు కడుపుపైన సంచి

బడిపంతులు: యతులు కుదిరాయి. కానీ పీచు కొరికే జంతువు నాలుగు కాళ్ల మీద ఉంటుంది కదా, సంచి వీపున పడాలి.

రైతుబిడ్డ: నిజమే పంతులు గారూ. మూడో పాదం ఇలా మార్చాను: "జారి వెలికిలపడెఁ, జప్పునఁ గూలెను".

నెల్లూరు పాఠకుడు: మన పందికొక్కే ఇంగ్లీషువాళ్ల నోట బండికూట్ అయింది. పందిలా గుర్రుమంటూ మన్ను పెళ్లగించే కొక్కు కనుక మనకు ఆ పేరు. 18వ శతాబ్దం చివర ఆస్ట్రేలియాలో కడుపున సంచి ఉన్న పొడుగుమూతి జంతువును చూసి, ఎలుకతో ఏ చుట్టరికమూ లేకపోయినా, దానికీ అదే పేరు పెట్టారు.

తెలుగు మాట నోడఁ దెల్లవా రెక్కించి
కొత్త నేలఁ గన్న కుఱచ మెకముఁ
జూచి యదియె పేరు చొప్పడఁ బెట్టిరి
పందికొక్కు కడుపుపైన సంచి

బడిపంతులు: "జూచి", "చొప్పడ" యతి చక్కనిది. అయితే నాలుగో పాదం అతకలేదు. పేరు పెట్టడానికీ సంచికీ నడుమ "అందుచేత" అనే అర్థమిచ్చే మాట ఒకటి కావాలి.

పెర్త్ తెలుగమ్మాయి: మా పెరట్లోకి బండికూట్ వస్తుంది, గరాటు ఆకారంలో గుంతలు తవ్వి పోతుంది. దాని సంచి మూతి వెనక్కి ఉంటుంది. పన్నెండున్నర రోజులకే పుట్టే పసికూనలు అందులో పెరగాలి కదా.

మన్ను తవ్వు వేళ మట్టి పిల్లల మీఁదఁ
బడని యట్టి మేటి పనితనమున
వెనుక మూతితోడ వెలసె నాస్ట్రేలియ
పందికొక్కు కడుపుపైన సంచి

నిర్వాహకులు: అమ్మా, సమస్యకు అసలైన పరిష్కారం ఇదే. సమాసం సాగి నాలుగో పాదంలోకి సహజంగా దిగింది. ఈ జంతువుల్లో ఒక ప్రజాతికి శాస్త్రవేత్తలు పెట్టిన పెరామెలెస్ అనే పేరులోనూ "పెరా" అంటే లాటిన్‌లో సంచే.

పెర్త్ తెలుగమ్మాయి: ధన్యవాదాలండీ. ఒక్క మాట. ఇక్కడి ఆదివాసులైన నూంగార్ ప్రజలు దీన్ని క్వెండా అంటారు. మన మాట అంత దూరం వెళ్లిందని సంతోషమే, కానీ ఈ నేల పేరు కూడా పద్యంలో ఉండాలని నా కోరిక.

బడిపంతులు: "క్వెండ" అని హ్రస్వం చేయండి, హగణం అవుతుంది. ఆటవెలదిలో సూర్యగణం రావలసిన చోట ఎక్కడైనా ఒదుగుతుంది.