అప్‌డేట్: మొదటి ఫ్రెట్లలో శ్రుతి ఎక్కిపోతున్న గిటార్ బాగైంది

ఖాళీ తీగలు ట్యూనర్‌లో సరిగ్గానే చూపిస్తున్నా, మొదటి రెండు మూడు ఫ్రెట్లలో (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీల గళ్లలో) నొక్కగానే స్వరం పైకి పోతోందని, 12వ ఫ్రెట్ దగ్గర మాత్రం పర్వాలేదని అడిగాను కదా, కారణం దొరికింది. నట్, అంటే మెడ చివర తీగలు గాడుల్లో కూర్చునే చిన్న పట్టీ! మొదటి ఫ్రెట్‌కి కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు) పెట్టి మళ్లీ శ్రుతి చేసి చూడమన్నవారికి చాలా థాంక్స్, అలా చేయగానే అవే కార్డులు (కలిపి మోగించే స్వరాలు) శుభ్రంగా మోగాయి.

రిపేర్ చేసే ఆయన తీగని మూడో ఫ్రెట్ దగ్గర నొక్కిపట్టి, మొదటి ఫ్రెట్ మీద మిగిలిన సందు చూపించారు. అక్కడ సన్న కాగితం దూరేంత ఉంటే చాలట, నా గిటార్‌లో విజిటింగ్ కార్డు హాయిగా దూరింది. నట్‌లో గాడులు లోతు తక్కువ, అందుకని తీగ ఎత్తులో ఉండి, నొక్కినప్పుడల్లా సాగి బిగుతు పెరుగుతోంది. ఫ్రెట్లు వేసేది తీగ పొడవు లెక్కతో, ఒక్కో ఫ్రెట్‌కి మోగే పొడవు సుమారు 5.6 శాతం తగ్గుతూ 12 దగ్గరికి సగమవుతుంది. ఆ లెక్కకు తోడు బిగుతు 1 శాతం పెరిగినా స్వరం 8 సెంట్లకు పైగా ఎక్కుతుంది, సెమిటోన్ (పక్కపక్క ఫ్రెట్ల స్వరాల మధ్య తేడా) మొత్తం 100 సెంట్లే మరి.

గాడులు అరగదీశాక అన్ని కార్డులూ కుదిరాయి. కొత్త తీగలు, వేరే ట్యూనర్, ఇవన్నీ దీనికి సంబంధం లేనివి. వంతెన (బ్రిడ్జ్) దగ్గర తీగలు ఆనే శాడిల్ జరపడం కూడా అంతే, అది 12వ ఫ్రెట్ తేడా వచ్చినప్పుడు చూసుకోవాల్సింది.

సొంతంగా అరగదీసేవాళ్లు కొంచెం కొంచెంగా చేయండి, గాడి మరీ లోతైతే ఖాళీ తీగ ఫ్రెట్‌కి తగిలి జరజరమంటుంది, అప్పుడు నట్ మార్చాల్సి రావచ్చు.